జేజినాయన రైఫిలు నంబరు రాసుకునే ముందు

అల్లుడూ,

జేజినాయన తుపాకీ ఏ రకమో, దాని నంబరు ఎక్కడుందో అడుగుతూ నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు చూశాను, పాత త్రీ నాట్ త్రీ (.303) లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు లాగే ఉంది. తుపాకీ మొత్తం కనబడేలా దూరం నుంచి తీస్తే ఏ తుపాకీ అయినా ఒకేలా ఉంటుంది నాయనా. నాకు కావాల్సింది ముద్రలు, అంటే ఇనుము మీద కొట్టిన అక్షరాలు, అంకెలు, అవి కూడా బాగా దగ్గరగా తీసినవి.

దానికంటే ముందు ఒక పని. మూతి మనుషులు లేని వైపు పెట్టి, మ్యాగజైన్ (కిందనున్న తూటాల పెట్టె) ఊడదీసి, బోల్ట్ (పిడి పట్టుకుని లాగే కడ్డీ) పూర్తిగా వెనక్కి లాగి, లోపల తూటా లేదని కంటితో చూసి వేలితో తడిమి చూడు. బోల్ట్ తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయొద్దు, సుత్తి అసలే వద్దు, తూటా ఉన్నట్టే లెక్కేసుకుని స్టేషన్‌కు కబురు పెట్టు. అలమరాలో పాత తూటాలు దొరికితే అవీ స్టేషన్‌కే.

ఇంకోటి, తోమొద్దు. ఇత్తడి బిందెకు పట్టించినట్టు చింతపండు పట్టించేవాళ్లను, గరుకు కాగితంతో రుద్దేవాళ్లను సర్వీసులో తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌గా ఉన్నప్పుడు చాలామందిని చూశాను, తుప్పుతోపాటు సగం ముద్ర కూడా పోతుంది. అది తుపాకీకి నష్టమే కాదు, నీకూ ప్రమాదం. 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ ప్రకారం నంబరు చెరపడం నేరం, చెరిగిపోయిన తుపాకీ నీ దగ్గర దొరికితే నువ్వే చెరిపావని అనుకుంటారు, కాదని నిరూపించుకోవాల్సింది నువ్వే. మెత్తటి గుడ్డకు కుట్టుమిషను నూనె రాసి తుడువు, ఒక రాత్రి వదిలెయ్, అంతే. తర్వాత సెల్‌ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేస్తే ఎదురుగా కనిపించని అక్షరాలు కూడా లేస్తాయి. ఇంకా సరిగా తెలియకపోతే పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో మెల్లగా రుద్దు.

ఇప్పుడు అసలు చోటు. బోల్ట్ పిడి కింద, చెక్క బట్ మొదలయ్యే దగ్గర ఇనుప పట్టీ ఉంటుంది చూడు, దాని కుడివైపు. పైన కిరీటం, దాని కింద రాజు అక్షరాలు, ఆ కింద ఫ్యాక్టరీ పేరు, సంవత్సరం, మోడలు. వి.ఆర్. అంటే విక్టోరియా, ఇ.ఆర్. అంటే ఎడ్వర్డ్, జి.ఆర్. అంటే జార్జి. జి.ఆర్. తర్వాత ఐ కూడా ఉండి ఇషాపూర్ అని ఉంటే మన బెంగాల్ ఫ్యాక్టరీలో చేసిందే. కిరీటం బదులు అశోకుడి సింహాలు, ఆర్.ఎఫ్.ఐ. (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) అని ఉంటే స్వతంత్రం వచ్చాక చేసింది. ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్, బి.ఎస్.ఎ., ఆస్ట్రేలియాలోని లిత్‌గో ఫ్యాక్టరీల పేర్లు కూడా కనిపిస్తాయి. రోమన్ మూడు ఉంటే 1907లో వచ్చిన మోడలు, దాని పక్కన నక్షత్రం గుర్తు (*) ఉంటే మొదటి ప్రపంచ యుద్ధంలో పని తగ్గించడానికి మొదలుపెట్టిన రకం.

వి.ఆర్. అని ఉండి కింద 1907 అని ఉంటే ఆగిపో. రాణి 1901 జనవరిలోనే పోయింది. అలాంటివి, ఎన్ అక్షరం తిరగేసి కొట్టినవి, ఖైబర్ కనుమ వైపు ఊళ్లలో చేత్తో చేసిన నకళ్లు.

సీరియల్ నంబరు గొట్టం బాడీలోకి దిగే చోట కుడిపక్క ఉంటుంది. అదే నంబరు గొట్టం మీద, బోల్ట్ పిడి వెనక, కొన్నిటికి గురి చూసే వెనక సైటు రేకు అడుగున కూడా కొడతారు. అన్నీ ఒక్కటైతే సంతోషం, కాకపోయినా కంగారుపడకు, డిపోల్లో విడిభాగాలు మారుస్తూనే ఉంటారు, గొట్టం మీద సంవత్సరం వేరే ఉందంటే దాన్ని తర్వాత వేసి ఉంటారు. కానీ బోల్ట్ నంబరు వేరైతే ఆ తుపాకీని ఎవరూ కాల్చకూడదు, ఏ బోల్టును ఆ బాడీకే సరిచూసి బిగిస్తారు కాబట్టి. నంబరు ముందున్న అక్షరాన్ని వదలకుండా రాసుకో. ఫ్యాక్టరీ, సంవత్సరం, అక్షరం లేకుండా ఉత్త అంకెలు చెప్పడం ఊరి పేరు లేకుండా ఇంటి నంబరు చెప్పినట్టే, అవే అంకెలు ఇంకో ఫ్యాక్టరీ రైఫిలు మీద కూడా ఉంటాయి.

డి.పి. అని ఉంటే డ్రిల్లుకు మాత్రమే పనికొచ్చేది, ఎన్.సి.సి.లో పట్టుకునేవాళ్లం గుర్తుందా. మొనలు ఎదురెదురుగా ఉన్న రెండు బాణాల ముద్ర ఉంటే సర్కారు అమ్మేసిందని అర్థం.

బోరు, అంటే గొట్టం లోపలి కొలత, విషయంలో తొందరపడొద్దు. చూడటానికి త్రీ నాట్ త్రీ లాగే ఉండి, గొట్టం లోపల గాడులు లేకుండా నున్నగా ఉంటే అది పోలీసులకోసం ఫోర్ టెన్ (.410) మస్కెట్‌గా మార్చింది అయ్యుండొచ్చు. మ్యాగజైన్ నలుచదరంగా ఉండి 7.62 అని, 2ఎ1 అని ఉంటే 1960లలో మొదలుపెట్టి ఇషాపూర్‌లో చేసిన రకం. ఇది ఊరికే చెప్పడం లేదు. త్రీ నాట్ త్రీ నిషిద్ధ బోరు, దాని అనుమతి కేంద్ర హోంశాఖ నుంచి రావాలి. కాగితం మీద బోరు తప్పు రాశావంటే నీ దరఖాస్తు చిక్కుల్లో పడుతుంది.

జేజినాయన పోయాక ఆయన లైసెన్సుతో మీరు ఇంట్లో ఉంచుకోకూడదు. ఫొటోలు తీసుకున్న రోజే కాళహస్తి స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమచెయ్, వారసుడిగా దరఖాస్తు తర్వాత పెట్టుకోవచ్చు. పాత లైసెన్సు పుస్తకం చిత్తూరు కలెక్టరు ఇచ్చిందే అయినా, 2022 నుంచి మీ ఊరు తిరుపతి జిల్లా కాబట్టి తిరుపతికే రావాలి. పుస్తకంలోని నంబరు, తుపాకీ మీది నంబరు పక్కపక్కన పెట్టి చూడు, తేడా ఉంటే దిద్దకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పు. స్టేషన్‌లో ఇచ్చే రసీదు మీద అక్షరంతో సహా పూర్తి నంబరు రాశారో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టు.

మామ