వలసదారు వేరు, వలసవాది వేరు

ప్రశ్న: ఆ మధ్య టీవీలో "అమెరికా నుంచి అక్రమ వలసవాదుల తరలింపు" అని స్క్రోలింగ్ వచ్చింది. అది చూసి ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి, "అమ్మా, బ్రిటిష్‌వాళ్ళు మన దేశాన్ని ఆక్రమించుకున్నట్టు వీళ్ళు అమెరికాను ఆక్రమించుకోవడానికి వెళ్ళారా?" అని అడిగాడు. వాడి పాఠంలో వలసవాదులంటే బ్రిటిష్‌వాళ్ళు, ఫ్రెంచివాళ్ళు. రెండిట్లో ఏది సరైన వాడుక? వలసవాదం, సామ్రాజ్యవాదం ఒకటేనా? ఆ లెక్కన శ్రీకృష్ణదేవరాయలు కూడా సామ్రాజ్యవాదే అవుతాడా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మీ అబ్బాయి అడిగింది చాలా మంచి ప్రశ్న. పాఠం రాసినవాళ్ళది ఒప్పు, టీవీవాళ్ళది తప్పు. పని కోసమో, చదువు కోసమో, ప్రాణభయంతోనో ఇంకో దేశం వెళ్ళిన మనిషి వలసదారు. ఇంకొకరి దేశాన్ని గుప్పిట్లో పెట్టుకుని, అలా పెట్టుకోవడం సబబే అనేవాడు వలసవాది. సరైన కాగితాలు లేవని అమెరికావాళ్ళు విమానం ఎక్కించి పంపినవాళ్ళు అక్రమ వలసదారులు. వాళ్ళు ఏ వాదమూ చేయలేదు. ఉన్న పొలం అమ్మి ఏజెంటు చేతిలో డబ్బు పోసి వెళ్ళినవాళ్ళు వాళ్ళలో ఎందరో.

పదాల చివర చూస్తే తేడా తేలిగ్గానే తెలుస్తుంది. గాంధేయవాది, మితవాది, స్త్రీవాది అన్నప్పుడు ఆ మనిషికి ఒక సిద్ధాంతం ఉందని అర్థం. 'దారు' పారసీకం నుంచి వచ్చింది. ఏదైనా కలిగి ఉన్నవాడు, ఆ స్థితిలో ఉన్నవాడు అని దాని భావం. కౌలుదారు, ఖాతాదారు, హక్కుదారు అంటున్నాం కదా, వలసదారు కూడా అలాంటిదే. తెలుగు మాటకి పారసీక ప్రత్యయం తగిలించడం తప్పేమీ కాదు. వాడుకలో ఎప్పుడో కుదురుకుంది.

ఇది చిన్న పొరపాటేలే అని వదిలేయడానికి నాకు మనసొప్పదు. పొట్ట చేత పట్టుకుని వెళ్ళినవాణ్ణి దేశాలు కొల్లగొట్టినవాడి పేరుతో పిలవడం అన్యాయం. అందులోనూ 'వలస' అనే మాటకున్న చరిత్ర తెలిస్తే ఇంకా బాధేస్తుంది. పాత నిఘంటువులు తీసి చూడండి. శత్రువుల దండు వస్తోందని భయపడి జనం ఇల్లూ వాకిలీ వదిలి ఇంకో చోటికి పోవడం అని అర్థం కనిపిస్తుంది. దండెత్తి వచ్చినవాడిది కాదు వలస, వాడికి భయపడి పారిపోయినవాడిది. తర్వాత కరువుకీ కూలికీ పోవడం కూడా వలసే అయింది. పాలమూరు వలసలు అన్నా, శ్రీకాకుళం వలసలు అన్నా ఈ అర్థంలోనే.

మరి అలాంటి మాట దండెత్తినవాడికి ఎలా అంటుకుంది? ఇంగ్లీషులోని కాలనీని తెలుగు చేయబోయినప్పుడు. దాని మూలం లాటిన్ 'కొలోనియా'. సేద్యం చేయడం అనే ధాతువు నుంచి పుట్టింది. రోమన్లు తాము గెలిచిన ప్రాంతాల్లో సైన్యం నుంచి విరమించిన సిపాయిలకు భూములిచ్చి ఊళ్ళు కట్టించేవారు. ఆ ఊరు కొలోనియా. జర్మనీలోని కొలోన్ నగరానికి ఆ పేరు అలాగే వచ్చింది. మనం కూడా 'హౌసింగ్ బోర్డు కాలనీ', 'బ్యాంకు కాలనీ' అంటూ ఆ మాటను జనం కొత్తగా కట్టుకున్న నివాసం అనే అర్థంలోనే ఉంచుకున్నాం. అందుకే చరిత్ర పుస్తకాల్లో పరాయి పాలన కింద ఉన్న దేశాన్ని కాలనీ అంటే మన పిల్లలకి అందదు. వలస రాజ్యం అనవలసి వచ్చింది. హిందీవాళ్ళు 'ఉపనివేశ్' అన్నారు. మన పుస్తకాల్లో ఆ వాసన ఒక్క 'అధినివేశ ప్రతిపత్తి' (డొమినియన్ స్టేటస్, అంటే బ్రిటిష్ రాజు కిందే ఉంటూ సొంతంగా పాలించుకునే హోదా) దగ్గర మిగిలింది. 1929 డిసెంబరులో లాహోరు కాంగ్రెస్ అది మాకు చాలదని పక్కనబెట్టి పూర్ణ స్వరాజ్యం కోరింది.

వలస రాజ్యం అనే అనువాదం కొన్ని దేశాలకు చక్కగా సరిపోతుంది. 1788 జనవరిలో 11 ఓడల్లో బ్రిటన్ ఖైదీలు, కాపలా సిపాయిలు ఇప్పటి సిడ్నీ దగ్గర దిగారు. వాళ్ళ వెనక రైతులు, గొర్రెల మందలవాళ్ళు వచ్చారు. అక్కడ వేల ఏళ్ళుగా ఉంటున్న మూలవాసులు అసలు లేనట్టే, అది ఎవరికీ చెందని నేల అన్నట్టు చట్టం నడిచింది. ఆ మాట తప్పని ఆస్ట్రేలియా హైకోర్టు ఒప్పుకున్నది 1992లో, మాబో కేసు తీర్పులో. అల్జీరియా కూడా ఇంతే. 1830లో ఫ్రెంచి సైన్యం దిగింది, వెనకాలే ఐరోపా జనం దిగారు. 1954లో స్వాతంత్ర్య యుద్ధం మొదలయ్యేసరికి అక్కడ వాళ్ళు దాదాపు 10 లక్షలు. మంచి భూములన్నీ వాళ్ళ చేతుల్లోనే. ఇలాంటి చోట్ల వలస నిజంగానే జరిగింది. కాకపోతే దండూ వలసా కలిసి వచ్చాయి.

మన దేశం సంగతి అది కాదు. 1901 జనాభా లెక్కల నాటికి దేశంలో 29 కోట్ల మంది ఉంటే అందులో ఐరోపావాళ్ళు రెండు లక్షలు కూడా లేరు. కలెక్టరు, జడ్జి, తోట యజమాని, రెజిమెంటు అధికారి, దాదాపు అందరూ ఇక్కడ పని చేసుకుని చివరికి ఇంటికి పోయినవాళ్ళే. బ్రిటిష్‌వాళ్ళు మన దేశానికి వలస వచ్చారు అని ఎవరైనా రాస్తే కొట్టేయండి. వలస పాలన అనవచ్చు, అది పారిభాషిక పదంగా నిలబడిపోయింది. నాకైతే మన దేశం గురించి రాసేటప్పుడు 'పరాయి పాలన' అన్న మాటే ఇంకా సూటిగా తోస్తుంది. మా పెద్దవాళ్ళు అన్నది 'తెల్లదొరల పాలన' అని, 'కుంఫిణీ' (ఈస్టిండియా కంపెనీ) అని. అవి కూడా చెడ్డ మాటలు కావు.

వలసవాదం, సామ్రాజ్యవాదం ఒకటేనా అన్న మీ రెండో సందేహానికి జవాబు ఇక్కడే ఉంది. సామ్రాజ్యవాదం పెద్ద మాట. ఒక దేశం తన సరిహద్దు దాటి ఇతరుల మీద పెత్తనం చేయడం, సంపద తన వైపు తిప్పుకోవడం అన్నీ అందులోకి వస్తాయి. వలసవాదం అందులో ఒక పద్ధతి, ఆ దేశంలోకి దిగి నేరుగా పాలించే పద్ధతి. నేరుగా పాలించకుండానే పెత్తనం చేయవచ్చు. అప్పులతో చేయవచ్చు, ఓడరేవు మీద ఫిరంగులు ఎక్కుపెట్టి చేయవచ్చు, ఒక్కోసారి కేవలం కాగితం మీద చేయవచ్చు.

భాష పని చేసేవాణ్ణి కనుక ఈ కాగితాల దగ్గర కాస్త ఆగుతాను. 1840 ఫిబ్రవరి 6న న్యూజిలాండ్‌లోని వైటాంగిలో అక్కడి మూలవాసులైన మావోరీల నాయకులు బ్రిటిష్ రాణితో ఒప్పందం చేసుకున్నారు. ఇంగ్లీషు ప్రతిలో వాళ్ళు తమ సార్వభౌమాధికారాన్నే ఇచ్చేసినట్టు ఉంది. మావోరీ ప్రతిలో ఆ చోట ఉన్న మాట 'కావనతంగా'. గవర్నర్ అనే ఇంగ్లీషు మాటను మావోరీలు 'కావన' అని పలికేవారు, దాని నుంచి పుట్టించిన మాట అది. అంటే గవర్నరుగిరీ. తమ భూముల మీద, ఊళ్ళ మీద పెద్దరికం తమదేనని అదే ప్రతిలో రాసి ఉంది. ఎక్కువమంది గుర్తో సంతకమో పెట్టింది ఆ ప్రతి మీదే. ఆ రెండు ప్రతుల మధ్య తేడా మీద న్యూజిలాండ్‌లో ఈనాటికీ వాదన నడుస్తోంది. 1975లో దానికోసం ఒక ట్రిబ్యునలే పెట్టారు.

ఇథియోపియాలో 1889లో ఇంకోటి జరిగింది. ఇటలీతో చేసుకున్న ఉచాలె ఒప్పందంలో 17వ అధికరణం అమ్హారిక్ ప్రతిలో, ఇతర దేశాలతో వ్యవహారాలకు ఇథియోపియా రాజు ఇటలీ సాయం 'తీసుకోవచ్చు' అంటుంది. ఇటాలియన్ ప్రతిలో అది 'తీసుకోవాలి' అయింది. ఆ ఒక్క క్రియతో ఇథియోపియా తమ రక్షిత రాజ్యమని ఇటలీ ఐరోపా అంతా చాటుకుంది. మెనెలిక్ చక్రవర్తి ఒప్పుకోలేదు, ఒప్పందాన్ని రద్దు చేశాడు. 1896 మార్చి 1న అద్వా దగ్గర జరిగిన యుద్ధంలో ఇటలీ సైన్యాన్ని చిత్తుగా ఓడించాడు. 'వచ్చు'కీ 'వలెను'కీ తేడా ఏమిటని విద్యార్థులు అడిగినప్పుడల్లా నేను ఈ కథే చెబుతాను.

కాబట్టి మీ అబ్బాయి పాఠంలో ఇలాంటి పేర్లు వచ్చినప్పుడు అవి ఎవరు పెట్టినవో కూడా చెప్పండి. రక్షిత రాజ్యం అంటే ఎవరి నుంచి రక్షణ? సైన్య సహకార పద్ధతిలో సహకారం ఎవరిది? నిజాము ఖర్చు పెట్టి కుంఫిణీ సైన్యాన్ని పోషించాలి, అదీ సహకారం. ఆ ఖర్చు కింద 1800లో ఆయన బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు కుంఫిణీకి రాసిచ్చాడు. వాటికి దత్తమండలాలు అని పేరు పడింది. ఇచ్చేసిన జిల్లాలు అని! అక్కడి జనాన్ని ఎవరూ అడగలేదు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు ఆ పేరు వద్దని, రాయలసీమ అందామని ప్రతిపాదించారు. ఒక భాషావేత్త చేసిన పనుల్లో ఇంతకంటే గొప్పది నాకు కనిపించదు.

కాంగో పేరు ఇంకా ఘోరం. బెల్జియం కంటే 70 రెట్లకు పైగా పెద్దదైన ఆ నేలను 1885 నుంచి 1908 దాకా బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ సొంత ఆస్తిగా ఏలాడు. అక్కడ ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. చెప్పినంత రబ్బరు తేలేదని ఊళ్ళు తగలబెట్టారు, మనుషుల చేతులు నరికారు. ఆ దేశానికి ఆయన పెట్టుకున్న పేరు 'స్వతంత్ర కాంగో రాజ్యం'. వలస లేని వలసవాదం ఇది.

ఇక ఆ వలస రాజ్యాల కోసమే వలస పోయినవాళ్ళు ఉన్నారు. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని చట్టం రద్దు చేశాక, 1834 నుంచి చెరకు తోటలకు మన దేశం నుంచి కూలీలను ఓడలెక్కించారు. ఒక్క మారిషస్‌కే దాదాపు 5 లక్షల మంది వెళ్ళారు. అగ్రిమెంటు అనే మాట ఫిజీలో, దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో వాళ్ళ నోట 'గిర్మిట్' అయింది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్ళినందుకు మారిషస్‌లో, బర్మాలో తెలుగువాళ్ళను కోరంగీలు అనేవారు. రంగూన్ రేవులో బరువులు మోసిందీ, వీధుల్లో రిక్షాలు లాగిందీ వీళ్ళే. 1930 మేలో అక్కడి రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే బర్మీయులను పనిలోకి దించారు. సమ్మె ముగిశాక ఆ బర్మీయులను పంపేశారు. ఆ కడుపుమంట తెలుగు కూలీల మీదికి తిరిగి ఎందరో చనిపోయారు. బర్మీయుల కళ్ళకు ఈ కోరంగీలు తెల్లవాడి వెంట వచ్చినవాళ్ళు. వలసదారుకీ వలసవాదికీ తేడా చెరిగిపోతే ఏమవుతుందో అక్కడ రక్తంతో తేలింది. 1942లో జపాన్ సైన్యం వస్తోందని లక్షలమంది భారతీయులు అరకాన్, మణిపూర్ అడవి దారుల్లో కాలినడకన బయలుదేరారు. నిఘంటువులో ఉన్న పాత అర్థంలో వలస అంటే అదీ.

ఈ మాటలతోపాటు ఇంకోటి కూడా గమనించండి. డల్లాస్‌లో ఉద్యోగం చేసేవారిని ప్రవాసులు అంటాం, నిజామాబాద్ నుంచి దుబాయ్ వెళ్ళిన మేస్త్రీని వలస కార్మికుడు అంటాం. వ్యాకరణం ఈ తేడా పెట్టలేదు, మనం పెట్టాం. ఇద్దరినీ ఒకే మాటతో పిలవాలని నా కోరిక.

రాయలవారి సంగతి. సామ్రాజ్యం మనకు పాత మాట, గౌరవంగా పలికిన మాట. దానికి 'వాదం' చేర్చి దోషంగా వాడడం ఆధునికం. 1902లో హాబ్సన్ అనే ఆంగ్లేయుడు దక్షిణాఫ్రికా యుద్ధం నేపథ్యంలో దీని మీద పెద్ద చర్చ లేవదీశాడు. 1916లో లెనిన్ దాన్ని పెట్టుబడితో ముడిపెట్టి వివరించాడు. 1929లో భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ ఢిల్లీ అసెంబ్లీలో 'సామ్రాజ్యవాదం నశించాలి' అని నినదించింది ఈ అర్థంలోనే. ఈ అర్థంలో ఆ మాట రాయలకు అతకదు.

ఎందుకు అతకదో ఒక బట్ట ముక్కతో చెబుతాను. నరసాపురం దగ్గర మాధవాయపాలెంలో కుంఫిణీవారి వర్తక స్థావరం ఉండేది. అక్కడ నేసిన మెత్తటి నూలు బట్టకు ఐరోపాలో ఆ ఊరి పేరే పడింది, 'మదపోలం' అని. తర్వాత ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులు అదే పేరుతో మరబట్ట నేసి తూర్పు దేశాల్లో అమ్ముకున్నాయి. నేతగాడి పని పోయింది, ఊరి పేరు కూడా వాళ్ళ సరుకు మీద ముద్రగా పోయింది. ఒక దేశపు పరిశ్రమ కోసం ఇంకో దేశపు బతుకుతెరువును ఇలా తిరగరాయడం సామ్రాజ్యవాదం. రాయలు ఉదయగిరి, కొండవీడు గెలిచి, సింహాద్రి దాకా వెళ్ళి పొట్నూరులో జయస్తంభం వేయించాడు. తర్వాత ఒడిశా రాజు గజపతితో సంధి చేసుకుని కృష్ణకు ఉత్తరాన గెలిచిన భూమి తిరిగి ఇచ్చాడు. అది రాజుల దిగ్విజయం. అలాగని దాన్ని పూలబాట చేయనక్కర్లేదు. ఆ దండు నడిచిన దారిలో ఊళ్ళవాళ్ళు మూటలు కట్టుకుని వలస పోయే ఉంటారు. పరీక్షలో మీ అబ్బాయి రాయలను 'సామ్రాజ్య విస్తరణ చేసిన రాజు' అని రాస్తే సరిపోతుంది.