ట్రైటన్‌కీ రాహుకేతువులున్నాయి

అమ్మా,

నీ వ్యాసం చేరింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. నెప్ట్యూన్ చందమామ ట్రైటన్, శని చందమామ టైటన్ లాంటి దూరపు చందమామల ఋతువుల గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడం నాకు చాలా సంతోషం. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను.

మూడో పేరాలో "ట్రైటన్ 157 డిగ్రీలు వంగి ఉంది" అని రాసి ముందుకు వెళ్లిపోయావు. అంకె సరైనదే. కానీ వంగింది ఏమిటి? ట్రైటన్ అక్షమా, అది తిరిగే దారా? దేన్నుంచి కొలిస్తే 157? భూమి అక్షం 23.5 డిగ్రీలు ఒరిగి ఉందని అందరూ స్కూల్లో చదువుకున్నదే. ఆ లెక్కన ట్రైటన్ తలకిందులుగా ఉందనుకుంటారు. నేనూ మొదట్లో ఇదే తప్పు రాశాను. అచ్చయ్యాక ఒక లెక్కల మాస్టారు పోస్టుకార్డు మీద బొమ్మ గీసి పంపారు. అది ఇప్పటికీ నా దగ్గరుంది. అప్పటినుంచీ "వంపు" అని రాసిన ప్రతిచోటా "దేన్నుంచి" అన్నది కూడా ఉందో లేదో చూసుకుంటాను.

157 అన్నది నెప్ట్యూన్ మధ్యరేఖకూ ట్రైటన్ కక్ష్యకూ మధ్య ఉన్న కోణం. 90 దాటిందంటే ఎదురు తిరుగుతోందని అర్థం. అంటే దారి ఒరిగింది 23 డిగ్రీలే, నడక మాత్రం వెనక్కి. గ్రహంతో పాటే పుట్టిన పెద్ద చంద్రుడు ఇలా ఎదురు తిరగడు. అందుకే ట్రైటన్ ఒకప్పుడు నెప్ట్యూన్ అవతల మంచు గోళాలుండే కైపర్ బెల్ట్‌లో తిరుగుతూ నెప్ట్యూన్‌కు చిక్కిందని శాస్త్రవేత్తలు అంటారు. ఇంకో సంగతి, దీన్ని నువ్వు అసలు చెప్పనే లేదు: ట్రైటన్ కూడా మన చంద్రుడిలాగే గ్రహానికి ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తుంది. దాని అక్షం దాని కక్ష్యకు దాదాపు నిటారుగా ఉంటుంది. అంటే దానికి సొంత వంపు లేనట్టే. ఋతువులన్నీ దారి వంపు వల్ల వచ్చినవే.

ఇది ఒక్కసారిగా మీద పడితే పాఠకుడికి టెన్షన్. కాబట్టి టైటన్‌తో మొదలుపెట్టు. టైటన్ దాదాపు శని మధ్యరేఖ మీదే, సుమారు 16 రోజులకు ఒక చుట్టు తిరుగుతుంది. శని 26.7 డిగ్రీలు ఒరిగి ఉంది కాబట్టి టైటన్ దారీ అంతే ఒరిగింది. తల్లి ఋతువులే బిడ్డవీ. శనికి ఏడాది అంటే మనకు 29.5 ఏళ్లు. "ఒక్కో ఋతువు ఏడేళ్లకు పైనే" అన్నావు, బాగుంది. అయితే మనకు ఉత్తరాయణం, దక్షిణాయనం అని చక్కటి మాటలున్నాయి కదా, వాడుకో. అక్కడ ఒక్కో అయనం దాదాపు 15 ఏళ్లు. 2004లో శనిని చేరిన కాసినీ నౌక 2017 వరకు పనిచేసినా, ఒక పూర్తి టైటన్ ఏడాదిలో సగం కూడా చూడలేదు.

రాసే ముందు ఒక పని చెయ్యి. గది మధ్యలో దీపం పెట్టి, జల్లెడను దీపం ఎత్తులో, గుమ్మం వైపు వాల్చి పట్టుకో. ఆ వాలు అటే ఉంచి దీపం చుట్టూ నడువు. ఒక వైపున వెలుగు జల్లెడ లోపల పడుతుంది, ఎదురు వైపున వెనక పడుతుంది, మధ్యలో రెండుచోట్ల అంచుకు మాత్రమే తగులుతుంది. జల్లెడ అంచే టైటన్ దారి. ఆ రెండు చోట్లే విషువత్తులు, అంటే సూర్యుడు సరిగ్గా మధ్యరేఖ మీద ఉండే రోజులు.

ఇప్పుడు ట్రైటన్. నడుస్తూ నడుస్తూ జల్లెడ వాలును కూడా మెల్లగా తిప్పాలి. ఇక్కడ మన పంచాంగం నీకు సాయం చేస్తుంది. చంద్రుడి దారి సూర్యుడి దారికి సుమారు 5 డిగ్రీలు ఒరిగి ఉంటుంది, ఆ రెండూ కలిసే బిందువులే రాహుకేతువులు. అవి ఒక చుట్టు రావడానికి 18.6 ఏళ్లు. రాహువు ఒక్కో రాశిలో ఏడాదిన్నర ఉంటాడని మన ఇళ్లలో తెలియనిదెవరికి? ట్రైటన్ దారి నెప్ట్యూన్ మధ్యరేఖను దాటే బిందువులూ అలాగే కదులుతాయి, కాకపోతే ఒక చుట్టుకు దాదాపు 690 ఏళ్లు. నెప్ట్యూన్ సొంత వంపు, అది సూర్యుడి చుట్టూ తిరిగే దారి నుంచి కొలిస్తే, 28 డిగ్రీలు. ట్రైటన్ దారి వంపు 23 ఒకప్పుడు దానికి కలుస్తుంది, ఒకప్పుడు అందులోంచి పోతుంది. కలిస్తే 51, పోతే 5. అందుకే అక్కడ అన్ని వేసవులూ ఒకలా ఉండవు. 2000 ప్రాంతంలో సూర్యుడు దక్షిణాన దాదాపు 50 డిగ్రీల అక్షాంశం మీద నడినెత్తిన నిలిచాడు. భూమి మీద 23.5 దాటి ఎప్పుడూ రాడు.

వ్యాసానికి ఇదే గుండెకాయ. నువ్వు రెండు వాక్యాల్లో ముగించావు. ఇక్కడ ఆగి రాయి.

"వేసవి" అనగానే మనవాళ్లకు మామిడిపళ్లూ చెమటా గుర్తొస్తాయి. ట్రైటన్ మీద మైనస్ 235 డిగ్రీలని వెంటనే చెప్పు. మరి అక్కడ వేసవి చేసే పని ఏమిటంటే, ఎండ తగిలిన నైట్రోజన్ మంచు ఆవిరై, చీకటి వైపు వెళ్లి మళ్లీ గడ్డకడుతుంది. 1989 ఆగస్టు 25న వాయేజర్ 2 నౌక దక్షిణార్ధంలో సుమారు 8 కిలోమీటర్ల ఎత్తుకు ఫౌంటెన్లలా ఎగసే నల్లటి ధారలను చూసింది. ఉత్తర ధ్రువం అప్పుడు సుదీర్ఘ రాత్రిలో ఉంది కాబట్టి కనబడలేదు. ఆ తర్వాత ఏ నౌకా అటు వెళ్లలేదు. మనం దగ్గర నుంచి చూసింది ఆ ఒక్క ఋతువునే.

చూసినదాన్నీ ఊహించినదాన్నీ ఒకే గొంతుతో రాయకు. టైటన్ మీథేన్ సరస్సులు ఎక్కువగా ఉత్తరాన ఉన్నాయన్నది చూసిన సంగతి. శని సూర్యుడికి దగ్గరగా ఉన్నప్పుడే దక్షిణాన వేసవి వస్తుంది, ఆ వేసవి చిన్నదీ ఎండ ఎక్కువదీ కాబట్టి మీథేన్ క్రమంగా ఉత్తరానికి చేరిందన్నది ఒక వివరణ. నువ్వు రెండింటినీ కలిపేశావు. ఆ వాక్యాన్ని విడదీస్తే చాలు, వివరణ మార్చనక్కర్లేదు.

యురేనస్ పేరా తీసెయ్యి. అది మరో వ్యాసం అవుతుంది.

ట్రైటన్‌ను 1846లో ఖగోళ పరిశీలకుడు లాసెల్ కనిపెట్టాడన్న వాక్యం ఆఖర్న ఉంది, ముందుకు తెచ్చుకో. నెప్ట్యూన్ కనబడిన పదిహేడు రోజులకే అది జరిగింది. అప్పటినుంచి నెప్ట్యూన్ సూర్యుడి చుట్టూ ఒక్క చుట్టు పూర్తి చేసింది, అదీ 2011లో. అలాంటివి నాలుగు చుట్లు దాటితే గానీ ట్రైటన్ రాహుకేతువులు మొదటి చోటికి రావు. జల్లెడతో నాలుగు చుట్లు నడిచి చూసి, ఆ ఒక్క పేరా రాసి ముందుగా పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు