డాక్యుమెంటరీ తీస్తున్న అమ్మాయిని ఆపకండి, పూర్తి చేయమనండి

"మా అమ్మాయి జర్నలిజం డిగ్రీ చివరి ఏడాది. కాలేజీ ప్రాజెక్టు కోసం కాంట్రాక్టు పారిశుధ్య కార్మికుల సమ్మె మీద డాక్యుమెంటరీ మొదలుపెట్టింది, ఆరు నెలలైనా వదలడం లేదు. దీంతో ఉద్యోగం వస్తుందా? రాజకీయాల ముద్ర పడితే రేపు ఎవరైనా పని ఇస్తారా?" అని ఒక తల్లి అడిగారు.

అమ్మా, ముందు ఉద్యోగం సంగతి. డాక్యుమెంటరీ డైరెక్టర్ కావాలని ఎవరూ ప్రకటన ఇవ్వరు, ఇందులో ఉన్నవాళ్లలో చాలామంది మొదటి కొన్నేళ్లు వేరే పని చేసుకుంటూనే సొంత సినిమా తీస్తారు. ఇది మీ అమ్మాయికి ఇప్పుడే తెలియాలి. కానీ ముక్కూమొహం తెలియని మనుషుల దగ్గర కూర్చుని వాళ్లతో మాట్లాడించడం, జీతం స్లిప్పులూ కాంట్రాక్టు కాగితాలూ సంపాదించి చదవడం, రోడ్డు మీద హోరులో కూడా మాట స్పష్టంగా రికార్డు చేయడం, గంటల కొద్దీ ఫుటేజ్‌ని ఇరవై నిమిషాలకు కుదించడం, ఇవన్నీ డబ్బులొచ్చే పనులే. వార్తా సంస్థల వీడియో విభాగాలు, స్వచ్ఛంద సంస్థలు, ఎడిటింగ్ స్టూడియోలు ఇలాంటి వాళ్లనే వెతుకుతాయి. వీటిలో ఏ పని ఎంతసేపు చేసినా విసుగు రావడం లేదో తననే అడగండి, కెరీర్ దారి అక్కడే దొరుకుతుంది.

నాకున్న టెన్షన్ వేరే. ఆమె ఇది పూర్తి చేయకపోవచ్చు. ఇంకో ఇంటర్వ్యూ, ఇంకో ఇంటర్వ్యూ అంటూ సినిమా హార్డ్ డిస్క్‌లోనే ఉండిపోయిన విద్యార్థులను చాలామందిని చూశాను, వాళ్లలో తెలివి తక్కువవాళ్లు ఒక్కరూ లేరు. షూటింగ్‌కి ఒక ఆఖరి తేదీ పెట్టుకోమనండి. నిడివి కూడా ముందే అనుకోవాలి. ఆస్కార్ ఇచ్చే అకాడమీ 1970ల నుంచి విద్యార్థుల సినిమాలకు విడిగా అవార్డులు ఇస్తోంది, అందులో డాక్యుమెంటరీకీ చోటుంది. అసలు ఆస్కార్‌లో చిన్న డాక్యుమెంటరీ అంటే టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాల లోపు. మొదటి సినిమాకి అందులో సగం చాలు.

ఇక రాజకీయాల ముద్ర. కొందరు యజమానులు వెనక్కి తగ్గుతారు, ఆ మాట దాచను. అయితే సినిమా గట్టిగా నిలబడేది నినాదం వల్ల కాదు, పరిశోధన వల్ల. ఎరాల్ మోరిస్ 1988లో తీసిన 'ది థిన్ బ్లూ లైన్' చూడమనండి. డాలస్‌లో ఒక పోలీసు అధికారిని చంపాడని శిక్షపడిన మనిషి కేసు అది. సాక్షుల మాటల్లోని లొసుగులను ఆ సినిమా ఒక్కొక్కటిగా బయటపెట్టింది, మరుసటి ఏడాదే ఆ మనిషి విడుదలయ్యాడు. మోరిస్ అంతకుముందు ప్రైవేట్ డిటెక్టివ్‌గా పనిచేశాడు, ఆ ఓపిక సినిమాలో కనిపిస్తుంది. మీ అమ్మాయి కూడా కాంట్రాక్టర్‌ని కలిసి ప్రశ్న అడగాలి, ఆయన మాట్లాడనంటే ఆ సంగతే సినిమాలో చెప్పాలి.

అన్నిటికన్నా నేను గట్టిగా పట్టుబట్టేది ఒకటుంది. సమ్మెలో మొహం చూపించి మాట్లాడిన కార్మికురాలి పని రేపు పోతే ఆ నష్టం ఎవరిది? ఫ్రెడరిక్ వైజ్‌మన్ 1967లో మానసిక రోగులైన ఖైదీల ఆసుపత్రి మీద తీసిన సినిమాను అమెరికాలో మామూలు ప్రేక్షకులకు చూపించకుండా కోర్టు ఆపింది, ఆ ఆంక్ష 1991 దాకా నడిచింది. ఖైదీల గోప్యత కోసమన్నారు, ప్రభుత్వం తన తప్పు కప్పిపుచ్చుకోవడానికే అన్నవాళ్లూ ఉన్నారు. రెండు వాదాల్లోనూ నిజం ఉందనిపిస్తుంది నాకు. అందుకే సినిమాలో కనిపించేవాళ్లతో అనుమతి పత్రం మీద ఒకసారి సంతకం పెట్టించుకుని ఊరుకోకూడదు. ఎడిటింగ్ అయ్యాక వాళ్లకు చూపించి మళ్లీ అడగాలి, వద్దంటే ఎంత మంచి షాట్ అయినా తీసేయాలి. గొంతు మాత్రమే వాడే దారి ఉంది, చేతులూ పనిముట్లూ చూపించే దారీ ఉంది.

ఉద్యోగం ఇంటర్వ్యూలకు వెళ్లేటప్పుడు మొత్తం సినిమా పంపొద్దనండి, ఎవరూ చూడరు. మూడు నిమిషాల ముక్క, దాని కింద తను స్వయంగా ఏ పని చేసిందో రెండు వాక్యాలు. ఫుటేజ్ రెండో కాపీ మీ ఇంట్లో ఉంచండి, అది మీరు చేయగలిగిన సాయం.