నూతిలోకి మనిషిని దించే ముందు

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. టెక్కలి దగ్గర మీ కుర్రాళ్లంతా కలిసి సహాయక దళం ఏర్పాటు చేసుకున్నారని, చందాలు పోగయ్యాయని, ఏ తాడు కొనాలో చెప్పమని రాశావు. మీ చుట్టుపక్కల పాడుబడ్డ నూతులున్నాయి, రాయి తీసి వదిలేసిన గ్రానైట్ క్వారీ గుంతలున్నాయి. అగ్నిమాపక బండి వచ్చేలోగా ఊళ్లో పని తెలిసినవాళ్లు ఉండటం అవసరమే. చాలా సంతోషించాను. అయితే ఫైర్ సర్వీసులో ఇన్నేళ్లు తాళ్లతో పనిచేసినవాడిగా చెబుతున్నాను, తాడు సంగతి తర్వాత, ముందు గాలి సంగతి.

నూతిలో పడ్డది ఒకరైతే, తీయడానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నది ఇద్దరు ముగ్గురు అన్న వార్తలు పత్రికల్లో చూస్తూనే ఉంటాం. చాలాసార్లు కారణం గాలే. వాడకం లేని నూతిలో ఆకూ అలమూ కుళ్లి కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అది గాలికన్నా బరువు కాబట్టి అడుగున పేరుకుంటుంది. బురద కదిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ లేస్తుంది. దాని కుళ్లిన గుడ్ల వాసన మొదట తెలుస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఏమీ తెలియదు. నూతిలోకి దించిన డీజిల్ ఇంజను నడిస్తే కార్బన్ మోనాక్సైడ్. దీపం దించి చూడటం మన పెద్దల పద్ధతి. దీపం ఆరిపోతే దిగకూడదన్నది నిజం. ఆరలేదు కాబట్టి దిగవచ్చన్నది మాత్రం నిజం కాదు. మోనాక్సైడ్ మనిషిని చంపేంత ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. 19.5 కంటే తగ్గితే శ్వాస పరికరం లేకుండా దిగరాదు. అందుకే చందా డబ్బుతో మొదట నాలుగు రకాల వాయువులను చూపే గ్యాస్ మీటరు కొనండి. అది చేతికొచ్చేదాకా మీలో ఎవరూ నూతిలోకి దిగవద్దు. 101కి, 112కి ఫోను చేయండి. బ్లోయరు దొరికితే గొట్టం అడుగుదాకా వదిలి గాలి కొట్టండి. అంతవరకే. పైన నిలబడి చూడటం ఎంత కష్టమో నాకు తెలుసు. లోపలున్నవాడి తల్లి వచ్చి కాళ్లు పట్టుకున్నా సరే, దిగవద్దు.

ఇక తాడు. మనిషిని వేలాడదీయడానికి సాగుడు తక్కువ ఉండే నైలాన్ తాడు కావాలి. లోపల బరువు మోసే పోగులు, వాటి మీద కాపుగా అల్లిన తొడుగు ఉంటాయి. 11 మిల్లీమీటర్లది తీసుకో. లేబుల్ మీద ఈఎన్ 1891 అని, దాని పక్కన ఇంగ్లీషు ‘A’ అక్షరం ఉందో లేదో చూడు. అది ఇలాంటి తాళ్లకు యూరప్‌వాళ్లు పెట్టిన ప్రమాణం. అలాంటి తాడు సుమారు 30 కిలోన్యూటన్ల దగ్గర తెగుతుంది, అంటే మూడు టన్నులు. ఇద్దరు మనుషులకు అంత ఎందుకని మీవాళ్లు అడుగుతారు. ముడి వేసిన చోట తాడు దాదాపు పావువంతు బలం కోల్పోతుంది. రెండుంబావు టన్నులు మిగిలిందనుకో. దిగినవాడు, వాడు పట్టుకొచ్చేవాడు, సామాను కలిపి రెండు వందల కిలోలు. అంటే పదింతలకు కాస్త పైన. ఆ పదింతలు ఉండి తీరాలి. ఎందుకంటే తాడు తడుస్తుంది, అంచుకు ఒరుసుకుంటుంది, ఒక్కోసారి కుదుపు పడుతుంది. తీరాన చేపల వేటకు వాడే పాలీప్రొపిలీన్ తాడు నీళ్ల మీద తేలుతుంది, వరదలో కొట్టుకుపోతున్నవాడికి విసరడానికి బాగుంటుంది. రాపిడి వేడికి త్వరగా కరుగుతుంది కాబట్టి మనిషిని మాత్రం దాని మీద వేలాడదీయకండి. చేంతాడు, మోకు వంటివి సరేసరి.

కొన్న తాడును ప్రతి వాడకానికి ముందూ తర్వాతా చేతులతో చూడాలి. గ్లోవ్స్ తీసేసి, ఒక కొస నుంచి మొదలుపెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జానెడు జానెడు చొప్పున జరుపుతూ పో. ప్రతి జానెడు దగ్గరా తాడును చిన్న చక్రంలా వంచు. వంపు గుండ్రంగా రావాలి. ఒక్కచోట కోసుగా మడత పడిందంటే లోపలి పోగులు పోయాయి, పైన తొడుగు ఎంత తెల్లగా మెరుస్తున్నా లెక్క లేదు. వేలికి గట్టిగా, నున్నగా తగిలితే అక్కడ వేడికి కరిగింది. మెత్తగా, గుల్లగా తగిలినా అనుమానించు. అలాంటి తాడును ముక్కలు ముక్కలుగా కోసెయ్యి. కోయకపోతే ఎవరో ఒకరు పశువుల కొట్టంలోంచి తెచ్చి మళ్లీ సంచిలో పెడతారు. బ్యాటరీలు ఉండే చోట తాడు ఎప్పుడూ ఉంచకండి. యాసిడ్ నైలాన్‌ను తినేస్తుంది, పైకి గుర్తు కూడా కనబడకపోవచ్చు. పలాస జీడిపిక్కల గోనెల దగ్గరా వద్దు. చేతులకు పొక్కులు లేపే జీడి రసాన్ని తాడుకు ఎందుకు తగలనివ్వాలి? కొన్న తేదీ, వాడిన ప్రతి సందర్భం ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. వాడకపోయినా పదేళ్లు దాటితే పక్కన పెట్టమని చాలామంది తయారీదారులు చెబుతారు.

తాడు ఎంత మంచిదైనా దాన్ని దేనికి కట్టామన్నదే పని నిలబెడుతుంది. నూతి మీద గిలక దూలం ఉంటుంది చూడు, దానికి మనిషిని కట్టవద్దు. అది బిందె బరువుకు వేసినది. కొబ్బరిచెట్టు కూడా నాకు నమ్మకం లేదు. వేళ్లు లోతుకు పోవు. 2018లో తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరితోటలు ఎలా నేలకూలాయో నువ్వే చూశావు. ముదురు చింత, వేప, రావి వెతుకు, చెట్టు మొదలుకు, నేలకు దగ్గరగా కట్టు. చెట్టు లేకపోతే ట్రాక్టరు. ఇంజను ఆపి, బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, బంపరుకు కాక ఛాసిస్‌కు కట్టండి. తాళంచెవి నాయకుడి జేబులో ఉండాలి. ట్రాక్టరు నడిపి మనిషిని లాగుదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోవద్దు. నూతి ఒర కింద భుజం ఇరుక్కుంటే చేతులతో లాగేవాళ్లకు తెలుస్తుంది, యంత్రానికి తెలియదు.

రెండు చెట్లకు కలిపి కడితే మధ్య కోణం చూసుకో. వంద కిలోల బరువు వేలాడుతుంటే, రెండు పాయల మధ్య కోణం 60 డిగ్రీలప్పుడు ఒక్కో పాయ మీద 58 కిలోలు పడతాయి. 90 అయితే 71. 120 డిగ్రీలకు వచ్చేసరికి రెండింటి మీదా వందేసి. 150కి చేరితే ఒక్కోదాని మీద 193. రెండు చోట్ల కట్టాం, బరువు సగం సగం అయిందని మీరు నిశ్చింతగా ఉంటారు, నిజానికి ఒక్కో చెట్టూ రెట్టింపు మోస్తూ ఉంటుంది. కోణం 90 దాటనివ్వకండి.

తాళం పడే కొక్కేలను కారబైనర్లు అంటారు. వాటి ఒంటి మీదే బలం చెక్కి ఉంటుంది, వెలుతురుకు తిప్పి చదువు. పొడవునా లాగితే 25 దాకా మోసేది, అడ్డంగా తిరిగితే 7, 8 కిలోన్యూటన్లకే లొంగుతుంది. అందుకే బిగించాక వేలితో ఒకసారి నొక్కి తాళం పడిందో లేదో చూడాలి, బరువు పడ్డాక అడ్డం తిరిగిందేమో మళ్లీ చూడాలి. ముడుల విషయంలో ఎనిమిది అంకె ముడి ఒక్కటి అందరికీ బాగా రావాలి. పాయలు ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కన పడుకోవాలి, కొస జానెడు మిగలాలి. సన్నతాడుతో పెద్దతాడును పట్టే ప్రూసిక్ ముడికి 8 మిల్లీమీటర్ల తాడు, మూడు చుట్లు.

నడుముకు తాడు కట్టి మనిషిని దించే అలవాటు మనవాళ్లకు ఉంది. బరువంతా డొక్కల మీద పడి ఊపిరి ఆడదు. ఒంటినిండా పట్టే హార్నెస్, గడ్డం కింద పట్టీ ఉన్న హెల్మెట్ లేకుండా ఎవరినీ దించకండి. హార్నెస్‌లోనైనా కదలకుండా వేలాడితే కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. సాధనలో కూడా ఎవరినీ ఊరికే వేలాడదీసి ఉంచవద్దు.

రెండో తాడు ఎప్పుడూ ఉండాలి. వేరే చెట్టుకు, వేరే మనిషి చేతిలో. మొదటిది తెగితే ఆదుకునేది అదే కాబట్టి వదులు లేకుండా పట్టుకుంటూ రావాలి. మూరెడు వదులు ఉంటే ఆ మూరెడూ మనిషి పడతాడు, ఆ కుదుపంతా తాడు మీద పడుతుంది. సిమెంటు అంచు మీద నాలుగు మడతల గోనెసంచి గాని, పాత ఫైర్ హోసు ముక్క గాని వేసి, అది జారకుండా కట్టండి. కదిలే తాడు కదలని తాడు మీద రాసుకోకూడదు, ఒక్కచోటే ఒరిసి ఒరిసి నైలాన్ కరిగి తెగుతుంది.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది, పైకి లాగే ఏర్పాటు పూర్తయ్యేదాకా ఎవరినీ కిందికి దించవద్దు. దించడం సులువు. కిందికి చేరాక కప్పీలు వెతుక్కుంటుంటే దిగినవాడు కూడా బాధితుడే. కప్పీలతో మూడింతల ఏర్పాటు నేర్చుకోండి. మీటరు పైకి రావాలంటే మూడు మీటర్లు లాగాలి, బరువు మూడోవంతుకు దగ్గరగా తగ్గుతుంది, రాపిడికి కొంత పోతుంది. లాగేది నలుగురే. ఊరంతా వచ్చి చేయి వేస్తే ఇరుక్కున్న మనిషి ఎముక విరిగినా తెలియదు. జనాన్ని దూరంగా ఆపడానికి ఒకరిని ప్రత్యేకంగా పెట్టు, మాట గట్టిగా చెప్పగలవాణ్ణి.

నాయకుడు తాడు ముట్టుకోకూడదు. చేతిలో తాడు ఉంటే కళ్లు దాని మీదే ఉంటాయి. అంచు దగ్గర నిలబడి కిందికి చూసేవాడు ఒకడు, వాడికీ వేరే తాడు కట్టి ఉండాలి. మాటలు మూడే పెట్టుకోండి: ఆపు, లాగు, దించు. కేకలు వినబడని చోట ఈల. ఒకసారి ఊదితే ఆపు, రెండుసార్లు పైకి, మూడుసార్లు కిందికి, నాలుగుసార్లు తాడు ఖాళీ, అంటే దాని మీద మనిషి లేడు. లాగు, దించు అనే హక్కు నాయకుడికే. ఆపు అనే హక్కు మాత్రం దళంలో ప్రతి ఒక్కరికీ ఉండాలి, నిన్న చేరిన కుర్రాడికి కూడా. అనవసరంగా ఆపాడని వాణ్ణి ఎవరూ విసుక్కోకూడదు. ఒకసారి విసుక్కుంటే మరోసారి నోరు విప్పడు. దిగేముందు ఒకరి కట్లు మరొకరు తల నుంచి కాలిదాకా చేత్తో తడిమి చూడాలి, ఎవరి కట్లు వాళ్లు చూసుకోవడం లెక్కలోకి రాదు.

వంశధారకు, నాగావళికి వరద వస్తే మిమ్మల్నే పిలుస్తారు. పారే నీళ్ల పని వేరు, దానికి వేరే శిక్షణ కావాలి. అప్పటిదాకా ఒడ్డు నుంచి తాడు విసరడం వరకే. ప్రవాహంలోకి వెళ్లేవాడి ఒంటికి విప్పుకోలేని ముడి వేస్తే నీళ్లు వాణ్ణి కిందికి తొక్కేస్తాయి.

సాధన నేల మీద మొదలుపెట్టండి. తర్వాత చెరువు గట్టు వాలు మీద. ఆ తర్వాతే నిలువునా దించడం, అదీ ఇసుక బస్తాతో. రాత్రిపూట, వానలో కూడా చేయండి, పిలుపు వచ్చేది అప్పుడే. టెక్కలి ఫైర్ స్టేషన్‌కు వెళ్లి మీ దళం ఉందని చెప్పండి, వాళ్ల ఎదుట ఒకసారి చేసి చూపించండి.

తాడుకు డబ్బు కట్టే ముందు లేబుల్ ఫొటో తీసి నాకు పంపు. గ్యాస్ మీటరుకు ఎప్పటికప్పుడు సరిచూసే పని ఉంటుంది, ఆ పని ఎవరు చేసిపెడతారో దుకాణంలో ముందే అడుగు. సంక్రాంతి వెళ్లాక నేను వస్తాను, అప్పటికి అందరికీ ఎనిమిది అంకె ముడి చీకట్లో వేయడం వచ్చి ఉండాలి. మీ అమ్మను అడిగానని చెప్పు.

మీ మామయ్య