నాలుగో భాగానికి దూకొద్దు

ఒరే చిన్నా,

ఆదివారం నువ్వు పంపిన మెసేజ్ చూశాను. "పెద్దమ్మా, బీతోవెన్ తొమ్మిదో సింఫనీని అందరూ ఆకాశానికెత్తుతారు, నేను రెండుసార్లు మొదలుపెట్టి పది నిమిషాలకే ఆపేశాను, చివర్లో వచ్చే పాట మాత్రం బాగుంది, నాకు చెవి లేదా?" అని అడిగావు. చెవి లేకపోవడం ఏమీ లేదు. మీ అమ్మ కడుపులో ఉన్నప్పటి నుంచి మార్గశిరం కచేరీలు విన్నవాడివి. ఫోన్లో టైప్ చేస్తే ముక్కలు ముక్కలవుతుందని తీరిగ్గా ఇలా రాస్తున్నాను. ఇళయరాజా 2025 మార్చిలో లండన్‌లో తన సింఫనీ వినిపించిన దగ్గర్నుంచి మద్రాసులో మా వెస్ట్ మాంబళంలో కూడా చాలామంది ఇదే అడుగుతున్నారు, అసలు దీన్ని ఎలా వినాలండీ అని. వాళ్ళకీ ఇదే నా జవాబు.

నువ్వు చేస్తున్న తప్పు ఒక్కటే. సింఫనీ అంటే పెద్ద వాయిద్యబృందం కోసం భాగాలుగా రాసే రచన. దీనికి నాలుగు భాగాలు, నువ్వు నాలుగో భాగంలో వచ్చే ఆ పాటకి దూకేస్తున్నావు. నేనూ అదే చేశాను, కాబట్టి చెప్పనీ.

1974లో మాది పెరంబూర్. తాతయ్యది రైల్వే ఉద్యోగం. పక్క వాటాలో ఒక ఆంగ్లో ఇండియన్ పియానో టీచర్ ఉండేది, వీధంతా ఆమెని మిస్ అనే పిలిచేవాళ్ళు. పొద్దున మా అమ్మ రేడియోలో పెట్టే కీర్తనలు గోడ అవతల ఆమె వినేది, సాయంత్రం ఆమె పెట్టే ప్లేట్లు గోడ ఇవతల మేం వినేవాళ్ళం. తొమ్మిదో సింఫనీ ఆమె దగ్గర రెండు ఎల్పీలుగా ఉండేది, మొత్తం నాలుగు వైపులు. ఆ చివరి పాటంటే నాకు పిచ్చి. వెళ్ళగానే "మిస్, నాలుగో వైపు పెట్టండి" అనేదాన్ని, ఆమె ఏమీ అనకుండా పెట్టేది. ఒక రోజు మాత్రం, కూర్చో, ఇవాళ మొత్తం వినిపిస్తాను అంది. సరిగ్గా మూడో భాగం మధ్యలో కరెంటు పోయింది. ముప్పావు గంట చీకట్లో కూర్చున్నాం. కరెంటు వచ్చాక ఆగిన చోటి నుంచే పెడుతుందనుకున్నాను. ఆమె లేచి, మొదటి ప్లేటు తీసి, మళ్ళీ మొదటి నుంచి పెట్టింది! "ఆలస్యమైపోయింది మిస్, అమ్మ తిడుతుంది" అంటే, "అయితే ఇంటికెళ్ళి రేపు రా, మధ్యలోంచి మాత్రం పెట్టను" అంది. నేను వెళ్ళలేదు. ఆ రాత్రి చివరి పాట వచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది. అంతకు ముందు ఇరవై సార్లు విన్న పాటే అది.

ఎందుకొచ్చిందో నాకు తర్వాత చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. నాలుగో భాగం మొదలవడమే ఒక పెద్ద గోలతో మొదలవుతుంది, పొసగని స్వరాలన్నీ ఒకేసారి మీద పడినట్టు. వెంటనే చెల్లోలు, డబుల్ బేస్‌లు, అంటే కింది స్థాయిలో పలికే పెద్ద వయొలిన్ల లాంటి వాయిద్యాలు మాత్రమే మాట్లాడుతున్నట్టు ఏదో అంటాయి. అది పాట కాదు, మాటలు లేని మాట. అప్పుడు మొదటి భాగం నుంచి ఒక ముక్క వినిపిస్తుంది, కింది వాయిద్యాలు ఇది కాదు అంటాయి. రెండో భాగం ముక్క వస్తుంది, అదీ కాదు. మూడోది వస్తుంది, దాని దగ్గర కాస్త మెత్తబడతాయి గానీ దాన్నీ వద్దంటాయి. ఆ మూడూ నువ్వు వినకుండా వస్తే బీతోవెన్ దేన్ని వద్దంటున్నాడో నీకెలా తెలుస్తుంది? ఆ తర్వాతే కదా ఆ పాట వచ్చేది, అదీ ఎలా వస్తుందనుకున్నావు, పక్కవాయిద్యం ఏదీ లేకుండా, చెల్లోలూ బేస్‌లూ లోగొంతుతో, ఎవరో చీకట్లో తమకి తాము పాడుకుంటున్నట్టు. నువ్వు షార్ట్స్‌లో వింటున్నది వందమంది కలిసి అరిచి పాడే ముక్క. అది ఎక్కడ నుంచి పుట్టిందో ఆ చోటు నువ్వింకా వినలేదు.

ఆ పాట స్వరాలు చూడు. గ గ మ ప, ప మ గ రి, స స రి గ, గ రి రి. శంకరాభరణం స్వరాలే, అదీ షడ్జమం నుంచి పంచమం దాకా ఐదు స్వరాల్లోనే దాదాపు మొత్తం నడుస్తుంది, మధ్యలో ఒక్కసారి మాత్రం మంద్ర పంచమాన్ని, అంటే కింది స్థాయి పంచమాన్ని ముట్టుకుని వస్తుంది. సరళీ వరసలు నేర్చుకున్న పిల్ల కూడా పాడగలదు. కానీ ఆ మంద్ర పంచమాన్ని ముట్టుకున్నాక చూడు, పల్లవిలాంటి మొదటి వరస మళ్ళీ వచ్చే చోట, తాళంలో ఒక దెబ్బ ముందే అందుకుంటాడు. ఆగలేక ముందే వచ్చేసినట్టు. నాకైతే ఈ సింఫనీ మొత్తంలో అతి చిన్నదీ అతి గొప్పదీ ఆ ఒక్క దెబ్బే. వేలితో తాళం వేస్తూ విను, చటుక్కున దొరుకుతుంది.

ఇక మొదటి భాగం. నువ్వు పది నిమిషాలకే ఆపింది దీన్నే కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. మొదట్లో ఏమీ వినపడట్లేదని వాల్యూమ్ పెంచి ఉంటావు, ఆ తర్వాత అంతా కలిసి విరుచుకుపడేసరికి చెవులు గింగురుమని ఉంటాయి. ఆ మొదలు కావాలనే అంత చిన్నగా రాశాడు. హార్న్‌లనే ఇత్తడి బూరలు స్వరం పట్టి నిలుచుంటాయి, రెండో వరస వయొలిన్లు, చెల్లోలు సన్నగా వణుకుతుంటాయి. అక్కడ ఉన్నవి రెండే స్వరాలు, మన లెక్కలో స, ప లాగా. గాంధారం లేదు. గాంధారం లేకపోతే ఇది ఏ రాగమో ఎవరు చెప్పగలరు? కచేరీ మొదలవక ముందు తంబూరా మీటుతుంటే హాల్లో ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా, అలాంటి చోటి నుంచి ఆయన మొదలుపెట్టాడు. దాన్ని అలాగే విను. ఏం రాబోతోందో తెలియకపోవడమే అక్కడి అందం.

అందుకని వినే చోటు ముఖ్యం. మెట్రోలో వద్దు, ఓఎంఆర్ మీద ఆఫీసు బస్సులో అసలే వద్దు. రాత్రి పది దాటాక, గదిలో ఫ్యాన్ ఆపి విను. మద్రాసులో మే నెలలో ఫ్యాన్ ఆపమనడం అన్యాయమే, అందుకే డిసెంబర్, జనవరి నెలలు మంచివి. గంటా పది నిమిషాలు చాలు. ఆ గంటా పది నిమిషాలూ ఫోన్ ఇంకో గదిలో ఉండాలి.

మనవాళ్ళు ఎక్కువగా ఇబ్బంది పడే చోటు ఇంకొకటుంది, నీకూ అదే జరిగిందని నా అనుమానం. మనకి షడ్జమం కదలదు. రెండున్నర గంటల కచేరీ అయినా శ్రుతి ఒక్కటే, మన చెవి దాన్ని పట్టుకునే కూర్చుంటుంది. సింఫనీలో ఆ షడ్జమమే ఇల్లు మారుతూ ఉంటుంది. నువ్వు "ఇది కీరవాణిలా ఉందే" అనుకునేలోపే అది ఇంకెక్కడికో వెళ్ళిపోతుంది, నువ్వు తప్పిపోయిన పిల్లాడిలా నిలబడతావు. రాగం వెతకడం మానెయ్. దాని బదులు ఒక్క వాయిద్యాన్ని పట్టుకో. మొదటిసారి బేస్‌లు, ఇంకోసారి టింపనీ అనే పెద్ద డోళ్ళు, మరోసారి ఫ్లూట్, క్లారినెట్ లాంటి చెక్క గాలి వాయిద్యాలు. మృదంగం మీదే ధ్యాస పెట్టి ఒక కచేరీ మొత్తం వింటామే, అలాగ. అన్నీ ఒకేసారి వినాలని చూస్తే ఏదీ అందదు.

రెండో భాగానికి నా సాయం అక్కర్లేదు. టింపనీ మీద ఒకే స్వరం రెండు స్థాయిల్లో దబదబమని పడుతుంది, అక్కడ నీకు నిద్ర రాదు. మూడో భాగంలో రావచ్చు. అది చాలా నెమ్మదైనది, రెండు పాటలు ఒకదాని తర్వాత ఒకటి వస్తూ, వచ్చినప్పుడల్లా మొదటిదాన్ని, ఒకే వరసని మార్చి మార్చి పాడే మన సంగతుల్లాగా కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతాడు. మొదటి సంగతి గుర్తు పెట్టుకుంటేనే నాలుగో సంగతి రుచి తెలుస్తుంది, ఈ విషయం త్యాగరాజస్వామి కీర్తనలు వింటూ పెరిగినవాడికి నేను కొత్తగా చెప్పాలా.

అన్నట్టు, కాలం చూడు. ఈ సింఫనీ మొదటిసారి వినిపించింది 1824 మే 7న, వియన్నాలో. ఆ ఏడాది తిరువయ్యారులో త్యాగరాజస్వామి కీర్తనలు కడుతూనే ఉన్నారు. బీతోవెన్ పోయింది 1827లో, మన శ్యామశాస్త్రి గారు పోయిందీ అదే 1827లో. ఒకరి గురించి ఒకరికి తెలిసే దారే లేదు. ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ మొదటి కచేరీనాటికి బీతోవెన్‌కి ఏమీ వినపడదు. వేదిక మీదే నిలబడి తన లెక్కలో తాను తాళం వేస్తుంటే, వాయించేవాళ్ళు మాత్రం ఉమ్లౌఫ్ అనే అసలు కండక్టర్‌ని, అంటే బృందాన్ని చేతి సైగలతో నడిపించే ఆయన్ని చూసి వాయించారు. జనం చప్పట్లు కొడుతున్నారు, ఆయన వాళ్ళకి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు, తెలియదు. పాడిన అమ్మాయి కరోలిన్ ఉంగెర్ వెళ్ళి ఆయన్ని జనం వైపు తిప్పింది. అప్పుడు చూశాడు. ఈ కథ అందరూ చెబుతారు, నేనూ చెప్పకుండా ఉండలేను, కానీ దీన్ని విని జాలితో సింఫనీ వినొద్దు. ఆయన ఎవరో తెలియకపోయినా, చెవులు బాగా వినపడే మనిషే రాశాడన్నా, ఆ చెల్లోల పాట అంత గొప్పగానే ఉంటుంది.

ఇక ఏ కండక్టర్ నడిపించింది వినాలీ అంటావా. ఈ విషయంలో జనం కొట్టుకుంటారు, నువ్వు దిగకు. ఒకే కీర్తనని ఇద్దరు విద్వాంసులు పాడితే బాణీ మారుతుంది, మనం ఇద్దర్నీ నెత్తిన పెట్టుకోమా? ఫుర్ట్‌వెంగ్లర్ 1951లో జర్మనీలోని బైరాయిట్‌లో చేసింది సుమారు 74 నిమిషాలు. నారింగ్టన్ 1980ల్లో, బీతోవెన్ కాలం నాటి తరహా వాయిద్యాలతో, ఆయన రాసిపెట్టిన వేగాలని పట్టుకుని చేసింది 62 నిమిషాల చిల్లర. అవే స్వరాలు, తేడా పన్నెండు నిమిషాలు! మొదట ఒక్కదాన్నే తీసుకుని నెలలో నాలుగైదు సార్లు విను. అది ఒంటికి పట్టాక రెండోది తెచ్చుకుని, మొత్తం కాదు, మూడో భాగం మాత్రం రెండూ పక్కపక్కన పెట్టి విను. నాకు ఫుర్ట్‌వెంగ్లర్ మూడో భాగం కావాలి, రెండో భాగం నారింగ్టన్‌ది కావాలి. నీకు వేరేగా అనిపిస్తే నాకు రాయి, వాదించను, ఎందుకనిపించిందో అడుగుతాను.

1989 క్రిస్మస్ నాడు, బెర్లిన్ గోడ కూలిన కొద్ది వారాలకే, బెర్న్‌స్టైన్ అనే కండక్టర్ అదే ఊళ్ళో ఈ సింఫనీ చేస్తూ పాటలో ఆనందం అన్న మాట ఉన్న చోట స్వేచ్ఛ అని పాడించాడు. అది మాత్రం వీడియోలోనే చూడు, పాడేవాళ్ళ ముఖాలు చూడాలి.

ఎప్పుడైనా ముంబై వెళ్ళో, దేశం బయట ఆఫీసు పని మీద వెళ్ళో నేరుగా వినే అవకాశం వస్తే వదులుకోకు, టికెట్ ఎంతైనా. వెళితే ఒకటి గుర్తుపెట్టుకో. మన సభలో భళా అంటాం, తొడ మీద తాళం వేస్తాం, మృదంగం వాళ్ళు విడిగా వాయించే తని ఆవర్తనం అయ్యాక చప్పట్లు కొడతాం. అక్కడ భాగానికీ భాగానికీ మధ్య ఊరుకుంటారు, నువ్వూ ఊరుకో. ఆ నిశ్శబ్దంలో కోరస్ వాళ్ళని చూడు. వాళ్ళు సుమారు యాభై నిమిషాలు నోరు తెరవకుండా కూర్చుంటారు. ట్రయాంగిల్ వాయించే మనిషికి నాలుగో భాగంలో తప్ప పనే లేదు. అంతసేపు కూర్చుని, వాళ్ళ వంతు వచ్చినప్పుడు ఒక్క చిన్న ఇనుప కమ్మీ మీద ఆ దెబ్బ సరిగ్గా పడాలి. ఆ మనిషి మీద నాకెంత గౌరవమో!

మన ఊళ్ళో కూడా వినే చోట్లు లేకపోలేదు. మద్రాస్ మ్యూజికల్ అసోసియేషన్ కోరస్ 1893 నుంచి ఉంది. వాళ్ళు పాడేటప్పుడు ఒకసారి వెళ్ళు, నాలుగు గొంతులు నాలుగు దారుల్లో పోతూ ఒకటిగా ఎలా వినిపిస్తాయో దగ్గర నుంచి వింటే, తర్వాత ఆ నాలుగో భాగం నీకు చాలా తేలికవుతుంది. బాగుంటే లోపలికి వెళ్ళి చెప్పు. అద్భుతం, సూపర్ అని కాదు. "ఫలానా చోట ఆడగొంతులు తగ్గి మగగొంతులు పైకొచ్చాయి చూడండీ, అక్కడ నాకు చాలా బాగుంది" అని చోటు చెప్పు. నేను అలా చెప్పినప్పుడు ఒకాయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ చోటుకోసం వాళ్ళు ఎన్ని వారాలు రిహార్సల్ చేశారో మనకేం తెలుసు.

ఒక చిన్న పుస్తకం పెట్టుకో. విన్న ప్రతిసారీ తేదీ వేసి, ఎక్కడ ఒళ్ళు జలదరించిందో, ఎక్కడ విసుగొచ్చిందో రెండు ముక్కలు రాయి. విసుగు రాయడానికి సిగ్గుపడకు, నా పుస్తకంలో మొదటి భాగం పక్కన విసుగు అని చాలాసార్లే ఉంది. తర్వాత తర్వాత ఆ మాట రాయడం ఎప్పుడు ఆగిపోయిందో చూసుకుంటే బాగుంటుంది.

మిస్ పెరంబూర్ ఖాళీ చేసి వాళ్ళ అన్న దగ్గరికి వెళ్ళిపోయేటప్పుడు ఆ రెండు ప్లేట్లూ నాకే ఇచ్చింది. మూడో వైపు మీద చిన్న గీత ఉంది, ఒకచోట టిక్ టిక్‌మంటుంది, మిగతాది శుభ్రంగా ఉంది. ప్లేయర్‌కి కొత్త సూది వేయించాను. వచ్చే శనివారం రాత్రికి భోజనానికి వచ్చెయ్, అమ్మతో చెప్పాను. వంకాయ కూర చేస్తాను. తొమ్మిదిన్నరకి మొదటి ప్లేటు పెడతాను. కరెంటు పోతే మాత్రం, ముందే చెబుతున్నాను, మళ్ళీ మొదటి నుంచే.

మీ పెద్దమ్మ