పొద్దున డైవింగ్, సాయంత్రం ఎడారి: ఈ ప్లాన్ తిరగేయించండి

ప్రశ్న: నమస్తే మేడం. నేను, మా ఆయన, పదిహేనేళ్ళ బాబు, మా అత్తమామలు కలిసి అక్టోబరులో జోర్డాన్ గైడెడ్ టూరుకి వెళ్దామనుకుంటున్నాం. ఏజెంటు ఇచ్చిన ప్లాన్ ప్రకారం అకాబా చేరిన మర్నాడు పొద్దున ఎర్ర సముద్రంలో స్కూబా డైవింగ్, భోంచేయగానే వాదీ రమ్ ఎడారికి ప్రయాణం, రాత్రి అక్కడే గుడారాల్లో బస, ఆ తర్వాత రాతి కొండల్లో చెక్కిన పాత నగరం పెట్రా, రాజధాని అమ్మాన్. మాలో ఎవరికీ ఈత రాదు. అత్తమామలకు డెబ్బై దగ్గర పడ్డాయి, మామయ్యకు బీపీ, పైగా మేం శాకాహారులం. వెళ్ళొచ్చా?
- ఓ పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: హాయిగా వెళ్ళండమ్మా. కానీ డబ్బు కట్టేముందు ఆ ప్లాన్‌ని తిరగేయించండి, ముందు ఎడారి, తర్వాతే సముద్రం.

ఎందుకో చెప్తాను. అకాబా ఊరు సముద్రం ఒడ్డునే ఉంది, వాదీ రమ్ ఊరేమో దాదాపు 950 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే మనం కింద తిరుపతి నుంచి కొండమీదికి వెళ్ళినదానికంటే కాస్త ఎక్కువే ఎక్కుతారు, అదీ 60-70 కిలోమీటర్ల దారిలో, గంటలో. స్కూబా అంటే గాలి సిలిండరు కట్టుకుని నీళ్ళ అడుగుకి దిగడం, అక్కడి నీటి ఒత్తిడికి మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలోకి, కండరాల్లోకి కరిగిపోతుంది, ఒడ్డుకొచ్చాక అది ఊపిరితోపాటు మెల్లమెల్లగా బయటికి పోవాలి. పోకముందే ఎత్తుకెళ్తే అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి గోలీ సోడా కొట్టగానే బుడగలొచ్చినట్టు ఒంట్లో బుడగలు పుట్టొచ్చు, కీళ్ళనొప్పి నుంచి పక్షవాతం దాకా ఏదైనా రావచ్చు. డైవ్ చేసి విమానం ఎక్కకూడదని అందరూ చెప్తారు, ఎత్తైన రోడ్డు సంగతి మాత్రం మర్చిపోతారు. మేం వెళ్ళినప్పుడు మా ప్లానూ అచ్చం మీదానిలాగే ఉండేది. అకాబాలో డైవింగ్ నేర్పే ఆయన మా కాగితం చూసి, సాయంత్రం రమ్‌కి వెళ్తున్నారా, అయితే నీళ్ళలోకి దింపను అనేశాడు. ఆరోజు చాలా కోపమొచ్చింది, ఇప్పుడు తలుచుకుంటే ఆయనకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు ఆగి విమానం ఎక్కమంటారు. మీరు 24 గంటలు పెట్టుకోండి, తిరుగు ప్రయాణానికి ముందు అకాబాలో ఒక ఖాళీ రోజు అడగండి. ఏజెంటు కుదరదంటే స్కూబా మానేసి స్నార్కెలింగ్ చేయండి, నీళ్ళమీదే తేలుతూ ముఖం మాత్రం లోపల పెట్టి చూస్తాం కాబట్టి ఈ బెడద అసలుండదు. నన్నడిగితే ఈత రానివాళ్ళకి అదే మంచిది. అకాబాలో సౌత్ బీచ్ దగ్గర పగడపు దిబ్బలు ఒడ్డునుంచి కొన్ని అడుగుల్లోనే మొదలవుతాయి, పడవ కూడా అక్కర్లేదు. అక్కడి నీళ్ళలో లీటరుకి 40 గ్రాముల ఉప్పుంటుంది, మామూలు సముద్రంలో 35, అందుకే ఒళ్ళు ఇంకాస్త తేలికగా తేలుతుంది, అయినా లైఫ్ జాకెట్ లేకుండా మాత్రం దిగకండి. ముఖం లోపల పెట్టగానే నారింజ రంగు చిన్న చేపలు గుంపులు గుంపులుగా కదులుతుంటాయి, కాసేపు కదలకుండా ఉంటే ఎవరో పటికబెల్లం కొరుకుతున్నట్టు కరకరమని వినిపిస్తుంది, అది చిలక చేప పగడాన్ని కొరికే చప్పుడు.

దయచేసి దేన్నీ ముట్టుకోకండి, పగడాల మీద నిలబడకండి. అది రాయి కాదు, ప్రాణి. ఏడాదికి ఒక సెంటీమీటరు కూడా పెరగని రకాలున్నాయి, మీ బాబు కాలు జారితే విరిగే ముక్క వాడి వయసుకంటే పెద్దది కావచ్చు. గుర్తుగా ముక్క తెచ్చుకోవడం అక్కడా నేరమే, ఇక్కడా నేరమే. మనం ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం వేరే జాతి.

మామయ్యగారిని స్కూబాకి పంపొద్దు. అత్తయ్యగారితో కలిసి అడుగున అద్దం ఉన్న పడవలో వెళ్తే ఇద్దరూ కూర్చునే అన్నీ చూస్తారు.

ఎడారిలో తిప్పేది పికప్ జీపుల్లో, వెనక బెంచీలు, ఎగిరెగిరి పడతాం, అందుకే పెద్దవాళ్ళకి ముందు సీటు అని ఇప్పుడే రాయించుకోండి. ఖజాలీ అనే ఇరుకు లోయలో రాతిగోడల మీద పాతకాలం మనుషులు చెక్కిన బొమ్మలు, పాదాల గుర్తులు ఉన్నాయి, తప్పకుండా చూడండి. రాత్రి చలేస్తుంది, శాలువాలు పెట్టుకోండి.

భోజనం సంగతి మాత్రం గట్టిగా మాట్లాడుకోండి. అక్కడి బెదూయిన్లు, అంటే ఎడారి తెగలవాళ్ళు, జర్బ్ అని వండుతారు, ఇసుకలో గొయ్యి తీసి నిప్పులు పోసి, అంతస్తుల జల్లెడ మీద మాంసం, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు కలిపి దించి, దుప్పటి కప్పి పైన ఇసుక పోస్తారు. కూరగాయలు ఉంటాయి కదా అని సరిపెట్టుకుంటే కుదరదు, మాంసం కొవ్వు వాటిమీదే కారుతుంది. మాకు విడిగా వండాలని చెప్పండి, ముందుగా చెప్తే చేస్తారు. పులిహోర పొడి ఎలాగూ తీసుకెళ్తారు.

చూసే చోట్ల టికెట్లన్నీ కలిపి ఒకటిగా పర్యాటకులకి అమ్మే జోర్డాన్ పాస్ 70 దినార్ల నుంచి ఉంటుంది. బయల్దేరకముందే కొని అక్కడ కనీసం మూడు రాత్రులుంటే వీసా ఫీజు ఉండదు, పెట్రా టికెట్టూ అందులోనే. ప్యాకేజీలో ఇది కలిపారో లేదో అడగండి.

ప్రశ్న: ఎడారీ పగడాలూ రెండూ చూడాలనుంది, విదేశం వెళ్ళే స్తోమత లేదు. మన దేశంలో కుదురుతుందా?
- ఓ డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

జవాబు: గుజరాత్ వెళ్ళు నాయనా. జామ్‌నగర్ దగ్గర నరారాలో ఆటు సమయంలో నీళ్ళు వెనక్కి పోతే పగడాల మధ్య మోకాలి లోతులో నడుస్తూ ఆక్టోపస్‌లని చూడొచ్చు. 1982లో ఏర్పాటైన మన మొదటి మెరైన్ నేషనల్ పార్క్ అదే. అక్కణ్ణుంచి కచ్‌కి వెళ్తే ధోర్డో దగ్గర తెల్లటి ఉప్పు ఎడారి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్ళు, వానాకాలంలో అదంతా నీళ్ళే. ఆటు వేళ రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి అక్కడి గైడుకి ఫోన్ చేసి ఆరోజు టైము కనుక్కున్నాకే రైలు టికెట్టు తీసుకో. కాళ్ళకి పాత కాన్వాస్ షూస్ వేసుకో, చెప్పులైతే బురదలో ఊడిపోతాయి.