ఎంపీ గారి ఓట్ల లెక్క రాసేముందు

అమలాపురం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దాంతో పంపిన చిత్తుప్రతీ అందాయి. ఏప్రిల్ 14న ఊళ్లో అంబేడ్కర్ జయంతి సభలో పంచడానికి, పౌరహక్కుల బిల్లుల మీద మన ఎంపీ గారు పార్లమెంటులో ఎటు ఓటేశారో మీరంతా కలిసి ఒక కరపత్రం వేస్తామన్నారు. వెయ్యండి. మన వైపు ఎమ్మెల్యే, ఎంపీ ఏ పెళ్లికొచ్చారో, ఎవరి పెద్దకార్యానికి వచ్చారో అందరికీ గుర్తుంటుంది గానీ సభలో ఏం చేశారో అడిగే నాథుడు లేడు. ముప్పై ఏళ్లు విలేకరిగా తిరిగినవాణ్ణి, ఆ ప్రశ్న అడిగినవాళ్లు నాకు తగిలింది చాలా తక్కువ.

కానీ నీ చిత్తుప్రతిలో బిల్లు పేరు ఎదురుగా "అనుకూలం", "వ్యతిరేకం" అని రెండు గడులు గీశావు. వాటిని ముందు కొట్టేయ్. అది అమెరికా వాళ్ల పద్ధతి. అక్కడ సభ్యుడు సొంత పార్టీకి ఎదురు ఓటేసినా సీటు పోదు. 1964లో వాళ్ల పౌరహక్కుల బిల్లు సెనేట్‌లో 73-27తో నెగ్గినప్పుడు రెండు పార్టీలవాళ్లూ రెండు వైపులా ఉన్నారు. కాబట్టి అక్కడ ఓటు చూసి మనిషిని అంచనా వేయొచ్చు. ఇక్కడ ఓటు చూస్తే చాలాసార్లు పార్టీ కనబడుతుంది, మనిషి కనబడడు. కొన్నిసార్లు ఓటే కనబడదు.

ఓటు కనబడకపోవడం ఏంటంటే, మూజువాణి. లోక్‌సభలో ఎక్కువ బిల్లులు ఇలాగే గట్టెక్కుతాయి. స్పీకరు అడుగుతారు, సభ్యులు అరుస్తారు, అవునన్నవాళ్లే ఎక్కువని స్పీకరు ప్రకటిస్తారు. ఎవరి పేరూ ఎక్కడా ఎక్కదు. ఇది మన జిల్లాల వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. 2014 ఫిబ్రవరి 18న రాష్ట్ర విభజన బిల్లు లోక్‌సభలో ప్యాసయింది మూజువాణితోనే, టీవీ ప్రసారం కూడా ఆగిపోయిన గంటలో. రాజమండ్రికి రెండుసార్లు ఎంపీగా చేసిన ఉండవల్లి అరుణ్‌కుమార్ గారు డివిజన్, అంటే ఎవరు ఎటో పేర్లతో నమోదయ్యే ఓటింగు, లేకుండా అదెలా ప్యాసయిందని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు, సుప్రీంకోర్టుకీ వెళ్లారు. ఆయన రాజకీయం నీకు నచ్చినా నచ్చకపోయినా ఆ ప్రశ్న మాత్రం గట్టిది.

నీ జాబితాలో మొదటి బిల్లు చూడు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు తీర్పుతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద అరెస్టుకు ముందస్తు అనుమతి కావాలన్నారు. దాన్ని తిప్పికొట్టడానికి ఆగస్టులో పార్లమెంటు 18ఏ సెక్షన్ తెచ్చింది. రెండు సభల్లోనూ మూజువాణే. అప్పటి మన ఎంపీ "అనుకూలంగా ఓటేశారు" అని రాశావు. దానికి సాక్ష్యం చూపించలేవు. వెయ్యలేదని రాసినా చూపించలేవు. అలాగే 2023 ఆగస్టులో వ్యక్తిగత డేటా రక్షణ బిల్లు. సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం ఎప్పుడు ఇవ్వక్కర్లేదో చెప్పే 8(1)(జె) అనే ముఖ్యమైన ముక్కని అది మార్చేసింది. అదీ గొడవ మధ్య మూజువాణితోనే పోయింది. ఇలాంటి వాటికి "మూజువాణి, పేర్లు నమోదు కాలేదు" అని రాయి. ఆ పక్కనే, డివిజన్ కావాలని ఎవరైనా అడిగారా, అడిగినవాళ్లలో మనాయన ఉన్నారా అన్నది చూసి రాయి. నా దృష్టిలో అది ఓటు కన్నా పెద్ద సంగతి. పేరు రికార్డుకెక్కాలని కోరుకున్నవాడికీ, ఎక్కకపోతే బతికిపోయాననుకున్నవాడికీ తేడా అక్కడే తెలుస్తుంది.

డివిజన్ అడిగితే లాబీలు ఖాళీ చేయించి, గంట మోగించి, తలుపులు వేస్తారు. సభ్యులు బటన్ నొక్కుతారు, అవునంటే పచ్చ, కాదంటే ఎరుపు, తటస్థానికి పసుపు. రాజ్యాంగ సవరణ బిల్లులకైతే డివిజన్ తప్పనిసరి, మూడింట రెండొంతులు లెక్క తేలాలి కదా. ఈ పేర్లన్నీ సభా చర్చల పూర్తి పాఠంలో అచ్చవుతాయి, సంసద్ వెబ్‌సైటులో తేదీ పట్టి వెతికితే దొరుకుతాయి. ఒక జాగ్రత్త. బోర్డు మీద చూపించే అంకె సవరణకు లోబడినది. బటన్ పని చెయ్యలేదని, తప్పు నొక్కామని సభ్యులు చీటీలు ఇస్తారు, లెక్క మారుతుంది. ఆ రాత్రి టీవీలో వచ్చిన అంకె కాకుండా సవరించి అచ్చేసిన పాఠం చూసి రాయి.

ఇక విప్ సంగతి, అంటే సభలో ఎటు ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశం. 1985లో 52వ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం, పార్టీ ఆదేశానికి ఎదురు ఓటేసినా, ఓటెయ్యకుండా కూర్చున్నా, పార్టీ 15 రోజుల్లో క్షమించకపోతే సభ్యత్వం పోవచ్చు. ఇది తెలిశాక 2019 పౌరసత్వ సవరణ బిల్లు చూడు. లోక్‌సభలో 311-80. ఇక్కడ ఒకరినొకరు తిట్టుకునే తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ రెండూ అక్కడ అనుకూలమే. 2025 వక్ఫ్ సవరణకొచ్చేసరికి లోక్‌సభలో 288-232. తెలుగుదేశం, జనసేన అనుకూలం, వైఎస్సార్ కాంగ్రెస్ వ్యతిరేకం. ఇవి పార్టీల నిర్ణయాలు. కరపత్రంలో అలాగే, "పార్టీ వైఖరి ఇది, ఈయన దాన్ని దాటలేదు" అని రాయి. దాటలేదని తప్పుపట్టొద్దని కాదు. కానీ ఒక్కడే కూర్చుని నిర్ణయించుకున్నట్టు రాస్తే జనాన్ని తప్పుదారి పట్టించినట్టే.

మహిళా రిజర్వేషన్‌ని నువ్వు కరపత్రానికి తలమీద పెట్టావు. 2023 సెప్టెంబరు 20న 454 మంది అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. అందులో అప్పటి మన ఎంపీ ఉన్నారని గొప్పగా చెప్పుకోడానికి ఏముంది! దాన్ని కిందకి దించెయ్. చూడాల్సింది ఆ రోజు ప్రసంగం. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు అన్న మెలిక గురించి ఒక్క మాటైనా అడిగారా? బీసీ ఆడవాళ్ల వాటా ఊసెత్తారా? విప్ ఓటుని కట్టేస్తుంది గానీ నోటిని అంతగా కట్టెయ్యదు.

ఆఖరి ఓటు ఒక్కటే చూడొద్దు కూడా. 2019 ఆగస్టు 2న రాజ్యసభలో ఉపా, అంటే చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం, సవరణ. సంస్థలనే కాదు, విడి వ్యక్తుల్ని కూడా ఉగ్రవాదులని ప్రకటించే అధికారం ఇచ్చిన బిల్లు. ముందు లోతుగా పరిశీలించడానికి సభ్యులతో వేసే సెలెక్ట్ కమిటీకి పంపాలన్న తీర్మానానికి 85 ఓట్లొచ్చాయి, 104 మంది వద్దన్నారు. అంతా అయ్యాక బిల్లుకి ఎదురు పడినవి 42. అంటే మొదట ఆగి ఆలోచిద్దామన్నవాళ్లలో సగం మంది దాకా చివర్లో ఆ పక్కన లేరు. గోడ మీద పిల్లులు ఇలాంటి చోటే దొరుకుతాయి. ఆఖరి అంకెలో దొరకవు.

రానివాళ్ల గురించి కూడా ఆలోచించు. 2020 జనవరి 27న శాసనమండలి రద్దు తీర్మానానికి మన అసెంబ్లీలో 133 అనుకూలం, వ్యతిరేకం సున్నా. తెలుగుదేశం వాళ్లు సభకే రాలేదు మరి. సున్నా చూసి ఎదురు లేదనుకుంటే పొరపాటు. వాకౌట్ చేసినవాళ్లూ, ఊళ్లో రిబ్బన్ కత్తిరించడానికి ఆగిపోయినవాళ్లూ జాబితాలో ఒకేలా మాయమవుతారు. ఆ రోజు హాజరు నమోదైందో లేదో చూస్తే కొంత తెలుస్తుంది. మంత్రుల హాజరు ఆ పట్టీలోకి ఎక్కదు, వాళ్లు సభలో ప్రశ్నలూ అడగరు. కాబట్టి నరసాపురం ఎంపీ గారిని మన ఎంపీతో హాజరులో పోల్చకు, ఆయన ఇప్పుడు కేంద్ర సహాయమంత్రి. స్పీకరు సంగతీ అంతే. మన అమలాపురం ఎంపీ బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్న కాలంలో ఆయన ఓటు వెతికితే దొరకదు, ఓట్లు సమానమైతేనే స్పీకరు ఓటేస్తారు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో పడిపోయింది. ఎదురు ఓటేసినవాళ్లలో ఒక్కరు ఓటెయ్యకుండా ఆగి ఉంటే లెక్క సమానమయ్యేది, దేశమంతా అమలాపురం ఎంపీ వేలి వైపు చూసేది. ఇది నీ కరపత్రానికి పనికిరాదులే, గుర్తొచ్చి రాశాను.

అసలు మన దగ్గర హక్కుల గొడవలు చాలావరకు ఏ సభలోనూ ఓటుకి రావు. 2017లో భీమవరం పక్కన గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం దగ్గర మొదలై దళితుల్ని వెలివేసేదాకా పోయింది. 2022 మే 24న జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టడం మీద ఇక్కడ ఇళ్లు తగలబెట్టారు, ఒక మంత్రి గారి ఇల్లూ, ఎమ్మెల్యే గారి ఇల్లూ కూడా. జిల్లా పేరు ప్రభుత్వ నోటిఫికేషన్‌తో మారుతుంది. చేతులెత్తాల్సిన అవసరమే ఎవరికీ రాలేదు. ఆ వారం ఎవరు నోరు విప్పారు, ఎవరు ఫోన్ స్విచ్ ఆఫ్ చేశారు అన్నది ఏ డివిజన్ జాబితాలోనూ లేదు.

దీనికి ఒక మార్గం ఉంది, చాలామందికి తెలీదు. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995 నిబంధనల్లో 17వది తీసి చదువు. ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఒక విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉండాలి. ఎంపీ, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు అందులో సభ్యులు. మూడు నెలలకి ఒకసారైనా కూర్చోవాలి. బాధితులకి పరిహారం అందిందా, కేసులు ఎందుకు ఆగాయి, అన్నీ అక్కడ అడగొచ్చు. అక్కడ ఏ పార్టీ విప్పూ లేదు. కలెక్టరేట్‌లో పది రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. అయిదేళ్ల సమావేశాల తేదీలు, హాజరు, మినిట్స్ కావాలని అడుగు. ఎంపీ గారు ఎన్నింటికి వచ్చారో, ఏమడిగారో అందులో తేలుతుంది. రిజర్వుడు నియోజకవర్గాలు అమలాపురం, రాజోలు, పి.గన్నవరం ఎమ్మెల్యేల పేర్లు కూడా అదే కాగితంలో వస్తాయి, అవీ వెయ్యండి. నన్నడిగితే ఈ పట్టికే కరపత్రం మొదటి పేజీలో ఉండాలి, పార్లమెంటు ఓట్లు వెనక పేజీలో చాలు.

జవాబుకి 30 రోజుల గడువు ఉంటుంది. ఆలస్యం చేస్తే జయంతి దాటిపోతుంది, ఈ వారమే పెట్టెయ్.

"దళిత ద్రోహి", "మన దేవుడు" లాంటి మాటలు రెండూ తీసెయ్. చిత్తుప్రతిలో రెండూ ఉన్నాయి, ఒకే మనిషికి, నాలుగు పేరాల తేడాలో! మీలో ఇద్దరు వేరువేరుగా రాసినట్టున్నారు. అచ్చుకిచ్చే ముందు ఒక కాపీ ఎంపీ గారి ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. తప్పులుంటే పది రోజుల్లో చెప్పమని రాయండి. జవాబొస్తే కత్తిరించకుండా వెయ్యండి, రాకపోతే రాలేదని వెయ్యండి. రసీదు నువ్వే దాచు, కుర్రాళ్లకివ్వకు.

మీ అమ్మకి నా ఆరోగ్యం బాగానే ఉందని చెప్పు.

ఇట్లు,
మావయ్య